ఫ్యూజు లేని తీగ

క్షమించమని మా పాస్టరుగారు పన్నెండేళ్ళుగా చెబుతున్నారు. నేను వింటాను, తల ఊపుతాను, ఇంటికొచ్చి మళ్ళీ మొదటినుంచీ తిట్టుకుంటాను. ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా నరసింగరావు నాశనమైపోవాలనే అడిగాను. పాపమైతే పాపమే. పడ్డవాళ్ళం మేము.

మా ఆయన ఎజ్రా కార్లకి కరెంటు పని చేస్తాడు. రాజాంలో నరసింగరావు షెడ్డులో పదిహేడేళ్ళు చేశాడు. మాటలో మహా పొదుపు, పనిలో మహా మొండి. బండి రాగానే బోనెట్టు ఎత్తడు. నడిపే మనిషిని కూర్చోబెట్టి ఏ స్విచ్చు వేస్తే ఏమవుతోంది, వాన పడ్డప్పుడా, గతుకుల్లోనా, బండి వేడెక్కాకా అని అడుగుతాడు. అవన్నీ విన్నాక టెస్టు బల్బు పట్టుకుని ఒక్కో తీగ వెంటా పోతాడు. దొరికేదాకా అన్నానికి లేవడు. ఈ విషయంలో నేను తిట్టని రోజంటూ లేదు.

అలాంటి మనిషి మీద నింద పడింది. పన్నెండేళ్ళ కిందట, ఆ షెడ్డులోనే పని చేయించుకునే సుభద్రమ్మగారి కారు గరివిడి దారిలో అంటుకుంది. ఆవిడ తలుపు తీసుకుని దిగేలోపల కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. కాలిన బండిని షెడ్డుకి లాక్కొచ్చారు. మా ఆయన చూశాడు. బ్యాటరీ నుంచి హారనుకి ఒక తీగ నేరుగా వెళ్ళింది, మధ్యలో ఫ్యూజు లేదు. ఫ్యూజు ఉంటే తీగ వేడెక్కేలోపే అది తెగిపోయి కరెంటు ఆగుతుంది. లేకపోతే తీగే మండుతుంది. ఆ హారను బిగించింది నరసింగరావే. అంతకుముందు ఆదివారం మేము చర్చిలో ఉండగా తన చేత్తో బిగించాడు.

ఈయనగారు ఆ మాట నలుగురిలో అనొచ్చు కదా? లేదు. యజమాని పరువని పక్కకి పిలిచి చెవిలో చెప్పాడు. ఆ సాయంత్రమే నరసింగరావు షెడ్డు నిండా జనాన్ని పోగేసి, ఇది ఎజ్రా చేసిన వైరింగు, నమ్మి మోసపోయాను అన్నాడు. ఈయన నోరు విప్పలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఉప్పు తిన్నానన్నాడు నాతో. ఉప్పట, ఉప్పు! ఆ తర్వాత గజపతినగరం దాకా ఏ షెడ్డువాడూ పనివ్వలేదు. కార్లు కాల్చే ఎజ్రా అని పేరు పడింది. మా చర్చి జీపు కూడా ఈయన చేతికి ఇవ్వలేదు. ఆరేళ్ళు గరివిడిలో కూలికెళ్ళి మూటలు మోశాడు. ఆ తర్వాత మా ఇంటి ముందే రేకులు వేసుకుని ట్రాక్టర్లూ ఆటోలూ చూసుకుంటున్నాడు. కారు మాత్రం ఒక్కటీ రాలేదు. మనిషి ఆ మాట పైకి అనడు గానీ, రోడ్డు మీద కారు ఆగితే మెడ సాచి చూస్తాడు. అది చూసినప్పుడల్లా నరసింగరావుని ఇంకో నాలుగు తిట్లు తిట్టేదాన్ని.

పోయిన నెల ఆ రేకుల కిందకి నరసింగరావే దిగాడు, తన పాత అంబాసిడరుతో. దానికేదో దెయ్యం పట్టినట్టుంది. ఇండికేటరు వేస్తే వైపరు కదులుతోంది. హారను కొడితే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. బ్రేకు తొక్కితే రేడియో ఆగిపోతోంది. తన షెడ్డులో ఎవరివల్లా కాక విజయనగరం వెళ్ళాడు, నలుగురు మేస్త్రీలకి చూపించాడు, బ్యాటరీ కూడా మార్పించాడు. ఏదీ కుదరక ఇక్కడికొచ్చాడు. ఏ మొహం పెట్టుకుని వచ్చాడో ఆయనకే తెలియాలి. పొమ్మంటాడని నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఈయన కుర్చీ వేశాడు.

అన్నీ అడిగి, విని, ఒక ముక్క తీగ తీసుకుని బ్యాటరీ నెగిటివ్ నుంచి బండి రేకుకి ఆనించాడు. అంతే, వైపరు నిలిచిపోయింది, ఇండికేటరు బుద్ధిగా కొట్టుకుంది. ఎర్తు, అంటే కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి, పోయిందన్నమాట. ఎర్తు బోల్టు బ్యాటరీ పక్కనే ఉంది గానీ కనబడదు. ప్రతి దసరాకీ అక్కడే కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెడుతున్నాడు నరసింగరావు. ముప్పయ్యేళ్ళ పూజ అట్టకట్టి ఉంది. ఆ నలుగురు మేస్త్రీలూ దానికి దండం పెట్టుకుని పక్క తీగలు వెతికారు. దేవుడి బొట్టు గీకే ధైర్యం ఎవరికుంటుంది?

అది చూస్తూ చూస్తూ ఈయన ఇంకొకటి చూశాడు. మంచినీళ్ళ వంకతో లోపలికొచ్చి నాతో మెల్లగా అన్నాడు.

"అదే తీగ, రూబీ. బ్యాటరీ నుంచి హారనుకి. ఫ్యూజు నేదు."

నేను చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని ఈయన అడగలేదు, ఆపనూ లేదు. సుభద్రమ్మగారిల్లు మా వెనక వీధే. పన్నెండేళ్ళుగా నన్ను చూస్తే మొహం తిప్పుకునే మనిషి. ఒక్కసారి వచ్చి వినమ్మా, ఆ తర్వాత జన్మలో మాట్లాడకపోయినా సరే అన్నాను. నా వాలకం చూసి భయపడిందో ఏమో, కదిలింది.

మేము వెనకనుంచి వచ్చేసరికి ఈయన బోనెట్టు మీదకి వంగి ఉన్నాడు. ఆవిణ్ణి చూశాడు, నరసింగరావు చూడలేదు.

"ఈ హారను ఎవులు పెట్టారు బాబూ? గట్టిగా కూస్తాది."

నరసింగరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "నానే పెట్టినాను. హారను పని నా షెడ్డులో ఇంకెవులికీ ఇవ్వనేదురా. ఏ బండికైనా నా సెయ్యే."

"మా బండికి కూడానా?" అంది సుభద్రమ్మగారు.

ఆయన లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. మా ఆయన ఆ ఎర్రతీగ బయటికి లాగి ఆవిడకి చూపించాడు. ఫ్యూజు ఎక్కడుండాలో, అది లేకపోతే ఏమవుతుందో, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఈయన ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. అప్పుడు తిరిగి అడిగాడు.

"నా మీద ఎందుకేసారు బాబూ?"

నరసింగరావు నేల చూపులు చూశాడు. "నువ్వైతే ఏటీ అనవని తెల్సురా."

ఆ మాటకి నేను రెంచీ ఎటుందా అని చూశాను. మా ఆయన మాత్రం తుప్పు గీకే ఎమరీ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టి, ఆ బొట్టు నేను ముట్టకూడదు, మీరే గీకండి అన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి వంగి, పచ్చగా తుప్పుపట్టిన తన బోల్టు తనే తోముకున్నాడు. ఈయన బిగించాడు. హారను తీగకి ఫ్యూజు కూడా పెట్టాడు.

బండి బాగయింది. నరసింగరావు తాళం తీసుకోబోతే సుభద్రమ్మగారు ముందు తీసుకుంది. కాలిన చేత్తోనే తీసుకుంది.

"బజార్లో కొట్టుకొట్టుకీ నడిసెల్లి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా? నాను సెప్తే ఈ సెయ్యి సూపించి సెప్తాను."

ఆయన నడిచాడు. వెనకాల నేను నడిచాను. కారు కాల్చిన తీగ తనదే, ఎజ్రాది కాదని మొదటి రెండు కొట్ల దగ్గర గొణిగాడు, వినబడలేదని మళ్ళీ చెప్పించాను. మందుల కొట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది, వదిలెయ్యమ్మా అన్నాడు. లోపలికి వెళ్ళి చల్లటి నీళ్ళ సీసా ఒకటి కొన్నాను. తాగేదాకా ఓపిగ్గా నిలబడ్డాను. ఇంకా పదిహేను కొట్లున్నాయి, పదండి అన్నాను.