మావయ్య కట్టిన తువ్వాలు

మా మావయ్య పోయి నెల కావస్తోంది. ఆ రోజు అత్తని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దున్నే లేచి ఎప్పటిలాగే కారు తుడవడం మొదలుపెట్టారు. సగం తుడిచాక ఒళ్లు అదోలా ఉందని అత్తతో చెప్పి, అరుగు మీద మంచంలో పడుకున్నారు. నేను అత్తకి తల దువ్వి, చీర కట్టించి బయటికి తీసుకొచ్చేసరికి బక్కెట్లో నీళ్లు అలాగే ఉన్నాయి. కారు ముందు అద్దం సగం తడిగా, సగం దుమ్ముగా ఉంది. మావయ్య లేవలేదు.

ఊళ్లో వాళ్లకీ బంధువులకీ పంచడానికి మావయ్య గురించి చిన్న పుస్తకం వేయిస్తున్నామని, నన్ను కూడా రాయమని మా ఆయన అక్క అడిగింది. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. నా రాత నాకే అర్థం కాదు. తప్పులుంటే చదివేవాళ్లు మన్నించాలి. "నాకేటి తెలుసు వదినా, నువ్వు రాయి" అంటే ఆమె ఒప్పుకోలేదు. "వారానికి రెండుసార్లు నాన్న బండెక్కినదానివి నువ్వే కదే, నీకు తెలిసినంత మాకేటి తెలుసు?" అంది. నాకు తెలిసింది రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

నేను పెళ్లయి రాజాం వైపు నుంచి కోటబొమ్మాళి దగ్గరున్న ఈ ఊరికి వచ్చిన మొదటి రోజే అత్త చెప్పింది, మావయ్య ఎదురుగా కూర్చోకూడదని, ఆయనతో ముఖాముఖి మాట్లాడకూడదని. కొత్తగా ఏమీ అనిపించలేదు, మా కన్నవారింట్లో మా అమ్మా అలాగే ఉండేది. ఏం చెప్పాలన్నా మధ్యలో అత్త ఉండాలి. "అత్తా, మావయ్యని అన్నానికి రమ్మను" అని నేను అనేదాన్ని. మావయ్య నాకు మూడు అడుగుల దూరంలోనే ఉండేవారు. "వత్తన్నానని సెప్పు" అని ఆయన అత్తతో అనేవారు. అత్త ఇద్దరికీ ఏమీ చెప్పేది కాదు. "మద్దిన నేనేటి, టెలిఫోన్ తంబాన్నా?" అని నవ్వేది.

తర్వాత అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. టెక్కలి ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించాలి. కొన్నాళ్లు ఆటోలో వెళ్లాం. వచ్చేటప్పుడు ఆ కుదుపులకి అత్త వాంతి చేసుకునేది. మావయ్య వయసులో ఉన్నప్పుడు ఒడిశా వైపు లారీ తోలారు. డెబ్బై దాటాక మళ్లీ స్టీరింగు పట్టుకుంటానని, పాత తెల్ల కారు ఒకటి కొన్నారు. ఊళ్లో అందరూ నవ్వారు. అంత నెమ్మదిగా తోలేవారు మరి. కుర్రాళ్లు బండ్లమీద పక్కనుంచి పోతూ "తాతా, దిగి తొయ్యమంటావేటి?" అని అరిచేవారు. మావయ్య తల బయట పెట్టి "తొయ్యండ్రా, పెట్రోలు కలిసొస్తాది" అనేవారు. తోలొద్దని చెన్నై నుంచి మా ఆయన ఫోనులో కసిరితే మాత్రం ఒకటే మాట. "బండి తోలినోడు ఎనకున్నోల్ల కోసం తోలాల్రా. ముందున్న రోడ్డు కోసం కాదు."

వెళ్లేటప్పుడు అత్త ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఇబ్బంది తిరిగి వచ్చేటప్పుడే. ఆసుపత్రి మంచం మీద నాలుగు గంటలు పడుకుని లేచాక అత్త కూర్చోలేకపోయేది. కాళ్లు ముడిస్తే నరాలు పట్టేసి ఏడ్చేది. వెనక సీటు పొడుగునా పడుకోబెట్టాలి. అప్పుడు కారులో మిగిలేది మావయ్య పక్కన ముందు సీటు ఒక్కటే.

నేను అందులో కూర్చోలేదు. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య కాళ్లు పెట్టుకునే చోట కింద కూర్చునేదాన్ని. మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఒక చెయ్యి అత్త మీద వేసి, ఒక చేత్తో సీటు పట్టుకుని ఊరు దాకా వచ్చేదాన్ని. గతుకులో పడితే నడుము కలుక్కుమనేది. అలా రెండేళ్లకి పైనే.

అత్త నిద్రపోతే ఇక మా ఇద్దరికీ మాట కలిపేవాళ్లు లేరు. అప్పుడు మావయ్య కారుతో మాట్లాడేవారు. "ఏటే బండీ, టీ కొట్టు కాడ ఆగుదుమా? పొద్దున్నించీ ఏటీ తిననట్టున్నావు" అనేవారు. ఆ మాట నాకేనని తెలుసు. నేను నిద్రపోతున్న అత్తతో "అత్తా, నాకు ఆకలి లేదు, ఇంటికే ఎల్లిపోదాం" అనేదాన్ని. "సరే బండీ, నీ ఇష్టం" అనేవారు. అయినా కొట్టు దగ్గర ఆపి, రెండు బజ్జీలు కాగితంలో చుట్టి తెచ్చి, ముందు సీటు మీద పెట్టేవారు. నేను కింద నుంచి చెయ్యి చాపి తీసుకునేదాన్ని. ఆ కాసేపు ఆయన కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఒకసారి ఆసుపత్రి గేటు దగ్గర నేను అలా ముడుచుకుని కింద కూర్చుంటుంటే ఆయా చూసింది. "అదేటి పిల్లా, ముందు సీటు బంగారంలా ఉంటే కిందకి దూరతన్నావు? డ్రైవరు తాత కరుస్తాడేటి?" అని గట్టిగా అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన డ్రైవరు కాదు, మా మావయ్య అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. మావయ్య బండి స్టార్టు చేయకుండా కొంచెంసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు కారుతో కూడా మాట్లాడలేదు.

ఏటా ఒకసారి కారుకి ఇన్సూరెన్సు కట్టాలి. కోటబొమ్మాళిలో స్టేషన్ రోడ్డు మీద ఒక ఏజెంటు ఉన్నాడు. ఆసుపత్రికి వెళ్తూ దారిలో ఆపేవారు. నేను, అత్త కారులో ఉంటే, ఆ కొట్టులో మావయ్య గొంతు రోడ్డు మీదకి వినబడేది.

"బండి పాతదైపోనాది, దాని దర తగ్గిపోనాదని నువ్వే అంటావు. మరి కట్టీది ఎందుకు తగ్గదు? ఇదేటి లెక్క బాబూ?"

"గవర్నమెంటు వాటా తగ్గదు తాతా. పైగా మీరు..."

"ఓలమ్మ, గట్టిగా అరవకు. లోపలి గదిలోకి పద" అనేవారు మావయ్య.

తర్వాత లోపల ఏం మాట్లాడుకునేవారో మాకు తెలిసేది కాదు. బయటికి వచ్చాక అత్త "ఏటంటాడు?" అని అడిగేది. "ముసలోడినట. ముసలోల్లు తోలితే ఎక్కువేస్తారట" అనేవారు. చెన్నైలో వెల్డింగు పని చేస్తూ ఇంటికి డబ్బు పంపే మా ఆయనకి ఫోనులో అదే చెప్పేవారు. మా ఆయన అటునుంచి కేకలు. "కంపెనీవోడికే తెలిసిపోనాది నీకు వయసైపోనాదని. ఆ బండి అమ్మేయ్ నాన్నా! ఆటో మాట్లాడుకోండి." మావయ్య ఫోను చెవికి దూరంగా పెట్టి, "సిగ్నలు నేదురా" అనేవారు. కారు అమ్మేస్తే అత్త మళ్లీ ఆటోలో ఆ కుదుపులు పడాలి. ఆ భయం మా ముగ్గురికీ ఉండేది. అయినా రాస్తున్నాను కాబట్టి నిజం రాయాలి. ఆటో అయితే అత్త తల ఒళ్లో పెట్టుకుని సీటు మీద కూర్చోవచ్చు కదా అని ఒకటి రెండుసార్లు నా మనసులోకి వచ్చింది. వచ్చినప్పుడల్లా అత్త మొహం చూడలేకపోయేదాన్ని.

పోయినసారి ఇన్సూరెన్సు కట్టిన మర్నాడు మావయ్య కారులో ఒక పని చేశారు. వెనక బండ్లు చూసే లోపలి అద్దం కాడకీ, తన సీటు వెనక కడ్డీకీ మధ్య పురికొస కట్టారు. దానిమీద తన ఎర్రగళ్ల తువ్వాలు వేలాడదీశారు. రెండు ముందు సీట్లకీ మధ్య తెర లాగ. ఎడమవైపు బయటి అద్దం కనబడాలి కదా, అందుకని తువ్వాలు ఒక మూల పైకి మడిచి పిన్నీసు పెట్టారు. ఆ పిన్నీసు నన్నే అడిగారు, అత్త ద్వారా. "గుంట కాడ పిన్నీసు ఉంటాదేమో అడుగు" అన్నారు. నా చీర కొంగుకున్నది తీసి ఇచ్చాను.

ఎందుకో ఎవరమూ అడగలేదు. తర్వాతి ఆసుపత్రి రోజు తిరిగి వచ్చేటప్పుడు అత్తని పడుకోబెట్టాక మావయ్య కారుతో అన్నారు. "బండీ, ముందు సీటు కాళీగా ఉన్నాది. ఎవులికీ అగుపడదు కూడాను."

నేను ఇంకోలా అనుకున్నాను. కింద ముడుచుకుని, చీర నలిగిపోయి, చెమటతో ఉన్న నన్ను చూడ్డం ఆయనకి ఇబ్బందిగా ఉందేమో, వెనక్కి తిరిగితే కనబడకుండా అడ్డం కట్టుకున్నారేమో అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా కిందకి ఒదిగిపోయి, "అత్తా, నాకు ఇక్కడే బావుంది" అన్నాను. మావయ్య ఊరు వచ్చే దాకా రెండో గేరులోనే తోలారు.

తువ్వాలు ఆ తర్వాత అలాగే ఉండిపోయింది. వారానికోసారి తీసి, ఉతికి, ఆరేసి, మళ్లీ కట్టేవారు. ఉతకడానికి నాకు ఇవ్వలేదు.

మావయ్య పోయిన పదకొండో రోజున ఏజెంటు పలకరించడానికి వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద మా ఆయన అడిగాడు, మళ్లీ ఇన్సూరెన్సు గడువు వచ్చేసింది కదా, ఇక ముసలాయన తోలడు కాబట్టి తగ్గుతుందా అని. నేను గుమ్మం వెనక అత్త పక్కన ఉన్నాను.

ఏజెంటు అర్థం కానట్టు చూశాడు. "తోలేవాళ్ల వయసుకీ దానికీ ఏటీ సంబంధం లేదు బాబూ. మేం బండినే చూస్తాం. ముసలాయనని ఎక్కువేశామని ఎవరన్నారు?"

"ఆయనే."

అప్పుడతను చెప్పాడు. బండిలో కూర్చున్న మనుషులకి ఏమైనా అయితే డబ్బు వచ్చేలా సీటుకి ఇంతని వేరే కట్టొచ్చట. ఎవరూ కట్టరట. మావయ్య ప్రతి ఏడూ అన్ని సీట్లకీ, అందులో ఎంత పెద్ద మొత్తం ఉంటే అంతకి కట్టేవారట. 'నా కళ్లు ముందటిలా నేవు బాబూ, ఎనకున్నోల్లు పరాయి ఇంటి పిల్లలు' అనేవారట.

"ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవారండి. సీటు మీద కాకుండా కింద కూకున్న మనిషికి వర్తిస్తాదా అని. కంపెనీ లెక్కలో మనిషంటే సీటు తాతా, కింద కూర్చున్నవాళ్లకి నేను మాటివ్వలేను అన్నాను. పోయినసారి మటుకు చాలాసేపు కూర్చుండిపోయారు. 'పక్కన కూకున్నా ఒకలికొకలు అగుపడకుంటే తప్పు కాదు కదా' అన్నారు. నాకర్థం కాలేదు. అది ఇన్సూరెన్సు సంగతి కాదు తాతా అని నవ్వాను."

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కోడలి కోసమని కొడుకుని డబ్బడగడానికి సిగ్గుపడుంటాడే" అంది నెమ్మదిగా. "నాకైనా సెప్పనేదు. సెప్తే, అయితే ముందరే కూకోవే అని నేను అనేదాన్ని కదా. నేనంటే నువ్వు కూకుందువు కదా." కొంచెం ఆగి, "నేనెప్పుడూ పడుకునే ఉన్నాను, మీరిద్దరూ ఎలగొస్తన్నారో సూసుకోనేదు" అని ఏడ్చింది.

అత్త తప్పు కాదు. ఎవరి తప్పూ కాదేమో. పద్ధతి దాటడం నాకు చేతకాలేదు, ఆయనకీ చేతకాలేదు. కానీ ఆయన వెతికారు. పద్ధతి ఉంటూనే నేను సీటు మీద కూర్చునే దారి వెతికి, పురికొసతో కట్టి, నా పిన్నీసే అడిగి తీసుకున్నారు. నా కోసం కట్టిన తెరని నా మీద అసహ్యం అనుకున్నాను. చదువు తక్కువ కాబట్టి ఇన్సూరెన్సు లెక్క అర్థం కాలేదంటే సర్దుకోవచ్చు. తువ్వాలు అర్థం కావడానికి చదువెందుకు?

వదినా, ఇది అచ్చయ్యాక నా చేత్తో రాసిన ఈ కాగితాలు మాత్రం పొయ్యిలో వేసెయ్యి. మావయ్య గురించిన మాటలు ఉండనీ. నా వంకర రాతని ఎవరూ చూడొద్దు.

కర్మలయ్యే దాకా ఆసుపత్రికి ఆటోలోనే వెళ్లాం. ఆ తర్వాత ఆసుపత్రి రోజు మా ఆయనే కారు తోలాడు. వచ్చేటప్పుడు అత్తని వెనక పడుకోబెట్టి, అలవాటుగా కిందకి వంగబోయాను. అత్త కళ్లు మూసుకునే అంది, "ముందుకెల్లు."

ముందు సీట్లో కూర్చున్నాను. మా ఆయన పురికొస విప్పబోయాడు. "ఉండనీ బావా" అన్నాను. అతను నా వైపు చూసి చెయ్యి తీసేశాడు.

కారు కదిలింది. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా తువ్వాలు నా భుజానికి తగులుతోంది. మావయ్య చుట్ట వాసన ఇంకా ఉంది. మడిచిన మూల దగ్గర నా పిన్నీసు కొంచెం తుప్పు పట్టి ఉంది. తువ్వాలుకి అటువైపు ఎవరున్నారో నాకు కనబడలేదు.