గురువారం పిల్ల, శుక్రవారం లెక్క

ఆ రోజుల్లో మనిషికి ఒక విద్య అబ్బితే దాన్ని కడుపులో దాచుకుని ఊరుకునేవాడు కాదు, ఎదురైన ప్రతివాడి మీదా ప్రయోగించేవాడు. మనిషి అంటున్నాను గాని, నేనే. పందొమ్మిది వందల యాభై దాటిన కొత్తల్లో ఉదయగిరిలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఏ తేదీ అడిగినా అది ఏ వారమో నోటిలెక్కన చెప్పేయడం నా విద్య. సంవత్సరంలో చివరి రెండంకెలు, వాటిలో నాలుగో వంతు, నెలకొక గుర్తంకె, ఆపైన తేదీ; అన్నీ కూడి ఏడుతో భాగిస్తే మిగిలిందే వారం. స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు నలభై ఏడు, పదకొండు, ఆగస్టుకు మూడు, తేదీ పదిహేను, వెరసి డెబ్బై ఆరు. ఏడుతో భాగిస్తే మిగిలేది ఆరు. ఆదివారం నుంచి ఆరోది శుక్రవారం. (మీరు కాగితం వెతుక్కునేలోపల నేను చెప్పేసేవాణ్ణి.) ఊళ్ళో అందరూ నన్ను క్యాలెండరు ఐవారు అనేవారు. నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి అందరికంటే నేనే ఎక్కువసార్లు చెప్పుకునేవాణ్ణి.

ఆ గర్వంతోనే మా మేనమామ వెంట ఆత్మకూరుకు పెళ్ళిచూపులకు బయల్దేరాను. నాయన లేని నాకు పెద్దదిక్కు ఆయనే. మంచివాడే గాని, అనుమానం లేకుండా మంచినీళ్ళు కూడా తాగడు. అప్పటికే మూడు సంబంధాలు ఆయన అనుమానాలకు ఆహుతైపోయాయి. బస్సు దుత్తలూరు దాటగానే నా మోకాలి మీద చరిచి, "ఒరే, మాట్లాడేది నేను. నువ్వు నోరు తెరవబాక" అన్నాడు. బుద్ధిగా తలూపాను.

పిల్ల కాఫీ గ్లాసులు తెచ్చింది. నాకు అందిస్తూ ఒక్క క్షణం నా వంక చూసి, వస్తున్న నవ్వు ఆపుకుని తలుపు చాటుకు పోయింది. అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి అనుకున్నాను. ఇంతలో మామ పుట్టిన రోజు అడిగాడు. పిల్ల తండ్రి ఏదో ఆఫీసులో పనిచేసేవాడు, ఇంగ్లీషు తేదీ సంవత్సరంతో సహా టకటకా చెప్పాడు. (ఆ తేదీ ఇక్కడ రాయను. రాస్తే ఆవిడ వయసు బయటపడి నాకు అన్నం పుట్టదు.) పక్కనే పీట మీద కూర్చున్న వాళ్ళవ్వ, "గురువారం పుట్టింది నాయనా, నా చేతుల్లోనే పడింది" అని మురిసిపోయింది.

"గురువారం కాదవ్వా, శుక్రవారం" అన్నాను.

ఆ మాట నేనే అన్నానని మామ చేతిలో గ్లాసు కింద పెట్టిన చప్పుడు విన్నాకగాని తెలియలేదు. "మావోడి లెక్క తప్పదు. తేదీ ఒకటి, వారం ఒకటి చెప్తా ఉండారంటే జాతకం దిద్దినట్టే గదా! ఏం నచ్చత్రం దాచినారు?" అన్నాడు మామ. పిల్ల తండ్రి ముఖం ఎర్రబడింది. "పెద్దమనిషివి, మాట జారబాకయ్యా!" అని లేచాడు. మామ తువ్వాలు భుజాన వేసుకుని, గడప దాకా పోయి చెప్పుల్లో కాలు పెట్టాడు. "లెయ్‌రా. బస్సు ఉండాది." నేను లేవలేదు. లెక్క తప్పాలని దేవుడికి మొక్కుకుంటూ మళ్ళీ వేశాను. శుక్రవారం. ఇంకోసారి వేశాను. దిక్కుమాలిన శుక్రవారమే. జీవితంలో మొదటిసారి నా విద్య మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు తలుపు చాటునుంచి గొంతు వినిపించింది. "అవ్వా, ఐవారికి రోజు ఎప్పుడు మారుద్దో అడుగు. గడియారం పన్నెండు కొట్టినప్పుడా, పొద్దు పొడిచినప్పుడా?"

తండ్రి గబగబా లోపలికి పోయి జాతకం తెచ్చి మామ చేతిలో పెట్టాడు. చెప్పులో ఒక కాలు ఉంచుకునే మామ పైకి చదివాడు: గురువారం, సూర్యోదయం మొదలు యాభై ఆరు గడియలకు. రోజుకు అరవై గడియలు. అంటే పిల్ల తెల్లవారడానికి నాలుగు గడియల ముందు పుట్టింది. గడియారం చూసి తేదీ రాసుకున్న తండ్రికి అప్పటికే శుక్రవారం, పొద్దు చూసే అవ్వకు ఇంకా గురువారం. మా ఇంట్లోనూ కోడి కూసినప్పుడు వారం అడిగితే నిన్నటిదే చెప్పేవాళ్ళు. ఏడుతో భాగించడం నేర్చుకుని ఆ ముక్క మరిచాను.

"అయితే నీ లెక్క తప్పేనంట్రా?" అన్నాడు మామ. అందరూ నా వంకే చూస్తున్నారు. లెక్క తప్పు కాదు, ఇంగ్లీషు తేదీకి అది శుక్రవారమే అని రుజువు చేయగలను. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మామ రెండో కాలు గాల్లో ఉంది.

"తప్పే మామా" అన్నాను.

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. మామ కాసేపు నన్ను వింతగా చూసి చెప్పు విడిచాడు. "కాఫీ చల్లారిపోయినాదమ్మా, ఇంకో గ్లాసు ఇప్పించండి" అంటూ వచ్చి కూర్చున్నాడు.

ఇప్పటికీ ఎవరైనా తేదీ చెబితే వారం ఠక్కున తడుతుంది గాని, నోరు తెరవను. "తెల్లవారక ముందా, తర్వాతా?" అని ముందు అడుగుతాను. వంటింట్లోంచి నవ్వు వినిపిస్తుంది. ఆ కుర్ర ఐవారు ఆ పూట నోరు మూసుకుని ఉంటే ఎంత పరువు దక్కేదో అనిపిస్తుంది. కానీ మూసుకుని ఉంటే ఆవిడ గొంతు నేను పెళ్ళయ్యాకగాని వినేవాణ్ణి కాదు.