మడత లేని కాలు

బీడీలు చేసేది వేళ్లతో అనుకుంటారు చూసేవాళ్లు. చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, సగం పని మోకాళ్లది. రెండు కాళ్లూ మడిచి కూర్చుని, ఒడిలో చేట పెట్టుకుని, కుడి మోకాలు కాస్త ఎత్తితే చేట ఎడమకు వాలుతుంది. తంబాకు అటు జారి కుప్పగా నిలుస్తుంది. కత్తిరించిన తునికాకు కుడి పక్కన ఉంటుంది. ఆకు తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ ఆ ఒడిలోనే. అలవాటైతే కళ్లు మూసుకున్నా చేతులు ఆగవు. మోకాలు మొరాయిస్తే మాత్రం చేతులు రెండూ ఖాళీ.

ఆంధ్రా తెలంగాణ ఒక్క రాష్ట్రమైన ఏడాదే నాకు పెళ్లయింది. మా అత్తగారిది ఎడపల్లి పక్కన చిన్న ఊరు. చెరుకూ వరీ పండించే ఇల్లు, ఊళ్లో పేరున్న ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నాక మా వంతుకు పేరు ఎక్కువ, నేల తక్కువ వచ్చింది. మా ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనికి కుదిరాడు. అది గానుగ ఆడినన్ని నెలలే. తర్వాత ఎండాకాలమంతా ఇంటి గడపలో కూర్చుని మళ్లీ పిలుపు కోసం చూడటమే. నిజామాబాద్‌లో ఒక గల్లీలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆ గల్లీలో బీడీ చెయ్యని ఆడది లేదు. పక్కింటి అక్క దగ్గర నేనూ నేర్చుకున్నాను.

ఆయనకు అది మింగుడు పడలేదు. "మా ఇంట్ల ఆడోల్లు ఎన్నడన్న కూలికి పోయిండ్రా?" అన్నాడు.

"కూలికి యాడ పోతున్న? ఇంట్లనే కూసొని చేస్త. పొయ్యిల పిల్లి లేస్తలేదు, ఇజ్జత్ వండుకొని తిందామా?" అన్నాను. నాకు నోరెక్కువే, దాచేదేముంది.

ఆఖరికి ఒప్పుకున్నాడు, కానీ షరతు పెట్టాడు. లోపలి గదిలో తలుపు దగ్గరేసుకుని చేయాలి. ఆకు, తంబాకు పక్కింటి అక్క పేరు మీద రావాలి, చేసిన బీడీలు ఆమె గంపలోనే కార్ఖానాకు పోవాలి. ఊరి నుంచి చుట్టాలొస్తే చేట మంచం కిందికి పోవాలి. ఇల్లంతా తంబాకు ఘాటు, వచ్చినవాళ్లు కూర్చున్న దగ్గర నుంచి తుమ్ముడే తుమ్ముడు. ఈయనేమో "వాడకట్టంత గిదే వాసన, ఏం జేస్తం" అని పక్కిళ్ల వైపు చూసేవాడు. నాకు ఒకోసారి నవ్వొచ్చేది, ఒకోసారి ఒళ్లు మండేది.

పెళ్లయిన ఏడెనిమిదేళ్లకు కుడి మోకాలు వాచింది. దెబ్బ తగిలింది లేదు, పడింది లేదు. మొదట పొద్దున పూట పట్టేసినట్టుండేది, నడిస్తే సర్దుకునేది. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. నందిపేట్ దగ్గర ఎముకలు కట్టే ముసలాయన ఉన్నాడంటే బండి కట్టించుకుని పోయి వెదురు బద్దలతో కట్టు కట్టించుకున్నాం. ఆ కట్టు కింద వాపు ఇంకా పెరిగింది. తొడ సన్నబడింది, మోకాలు మాత్రం సొరకాయలా నున్నగా, బరువుగా తయారైంది. సాయంత్రమైతే సన్నగా జ్వరం. రాత్రి నిద్రలో కాలు కదిలితే అరుపు దానంతటదే వచ్చేది. అయినా బీడీలు మానలేదు. పొద్దున ఒకసారి ఎట్లాగో మడిచానంటే మళ్లీ పనయ్యేదాకా విప్పేదాన్ని కాదు.

ఊళ్లో సర్కారు దవాఖాన డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూశాడు. "గిది మాతోని కాదు. హైదరాబాద్ పోండ్రి, ఎముకల పెద్ద డాక్టర్ చూడాలె," అన్నాడు. గానుగ రోజులు. ఆ రోజుల్లో కాంటా విడిచి పోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అయినా మా ఆయన ఆ మాటే ఎత్తకుండా నన్ను రైలెక్కించాడు. ఇది కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయమవుతుంది. పెట్టె ఎక్కేటప్పుడు అందరి ముందూ నన్ను ఎత్తుకున్నాడు. దారి పొడుగునా నా కాలు తన తొడల మీద పెట్టుకుని, రైలు ఊగినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ పెద్ద డాక్టరు నిదానమైన మనిషి. వరసలో అంతమంది ఉన్నా తొందరపడలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి ముందు మంచి కాలు చూశాడు, తర్వాత చెడ్డ కాలు. టేపుతో రెండు తొడలూ కొలిచాడు. మోకాలి చిప్ప చుట్టూ వేళ్లతో నొక్కాడు. మడమ పట్టుకుని ఎంత వంగుతుందో, ఎంత సాగుతుందో చూశాడు. నేను పళ్లు కరిచిపట్టి పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఫోటోను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, మా ఆయనను దగ్గరికి పిలిచాడు.

"మోకాలి కీలుకు టీబీ పట్టింది. భయపడకుండ్రి, ఇప్పుడు మందులున్నయి. అయితే కాలుకు రెండు తరీకలున్నయి. ఒకటి, సూదులిచ్చుకుంట, కాలుకు బరువు కట్టి పండబెట్టి, కీలు లోపల సాఫ్ చేసి చూసుడు. నెలలకు నెలలు పడతది. కొంచెం మడత మిగలొచ్చు, మిగలకపోవచ్చు. నొప్పి మల్ల రావచ్చు. రెండోది, చెడిపోయింది తీసేసి రెండు ఎముకలు అతికించుడు. కాలు సీదాగ ఉంటది, గట్టిగ ఉంటది, నొప్పి ఉండది. కానీ ఇగ జన్మల మడవరాదు."

అని ఆగి, అడగాల్సిన మాట అడిగాడు. ఆయనను నేను ఎన్నడూ తప్పు పట్టలేదు, ఇందుకే.

"ఈమె ఏం పని చేస్తది? కింద కూసొని చేసే పని ఏమన్న ఉన్నదా?"

మా ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. "లేదు సారు. ఇంట్లనే ఉంటది. మా ఇంట్ల ఆడోల్లు పని చెయ్యరు."

"వంట?"

"పొయ్యి గద్దె మీద కట్టిస్త సారు. చేసేటోల్లు ఇంట్ల శానమంది ఉన్నరు."

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నా వేళ్ల కొసలకు తంబాకు మరక, ఎంత తోమినా పోనిది. ఆ చేతిని కొంగు కింద పెట్టుకున్నాను. ఇల్లయితే ఆయనకు నాలుగు మాటలు అంటించేదాన్ని. పరాయి మనిషి ముందు, అంత పెద్ద డాక్టరు ముందు, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డ నా మొగుడిని అబద్ధాలకోరును చెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఇంకో సంగతి, 'నొప్పి ఉండది' అన్న మాట తర్వాత నాకు వేరే ఏ మాటా చెవికెక్కలేదు. ఎన్ని రాత్రులైందో కన్ను మూసి.

"అట్లయితే రెండోదే పక్కా," అన్నాడు డాక్టరు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "బీడీల సంగతి ఎందుకు చెప్పకపోతివి?"

"మన ఇంటి సంగతి ఆయనకెందుకు? కాలుకు, బీడీకి ఏం సంబంధం?" అన్నాడు. నిజంగానే తెలియక అన్నాడు. ఆయన ఏనాడూ లోపలి గదిలోకి వచ్చి నేను ఎట్లా కూర్చుంటానో చూసినవాడు కాదు. తలుపు దగ్గరేసి ఉండాలన్నది తనే కదా.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎముకల్లోంచి ఇనుప చువ్వలు అడ్డంగా పోయి రెండు వైపులా బయటికి వచ్చి ఉండేవి. మరలు తిప్పి బిగించేవాళ్లు. తర్వాత తుంటి నుంచి పాదం దాకా పిండికట్టు. నా పక్క మంచం మీద రోడ్డు పనికి కంకర కొట్టే ఆమె ఉండేది. ఆమెదీ నా జబ్బే. ఆమె కాలుకు తాడు కట్టి, బరువు వేలాడదీశారు. సూదులు, మందులు. నా కంటే ఎక్కువ ఏడ్చేది, ఎక్కువ తిట్టేది. ఒకనాడు కూర్చుని, వణుక్కుంటూ మోకాలు కొంచెం మడిచి నాకు చూపించింది.

"నీకెందుకు గట్ల చేసిండ్రు, నాకెందుకు గిట్ల చేసిండ్రు?" అని అడిగాను.

"నేను డాక్టర్ సాబ్‌కు చెప్పిన అక్క. కూసోకపోతె కంకర ఎవరు కొడతరు, నా పిల్లల నోట్లె ఎవరు పెడతరు అని ఏడ్సిన. నీకేంది, మారాజు లెక్క ఇంట్ల కూసుంటవు."

మొహం గోడ వైపు తిప్పుకున్నాను. ఆ దారిలో పోయి ఉంటే నా మోకాలు మడతపడేదో లేదో ఎవరికి ఎరుక. ఆమెది మాత్రం మడతపడింది, నేను కళ్లారా చూశాను.

ఇంటికొచ్చాక, కట్టు విప్పాక, నొప్పి నిజంగానే లేదు. డాక్టరు అన్నమాట నిలబెట్టుకున్నాడు. మొదటి వారమంతా పసిపిల్లలా నిద్రపోయాను. తర్వాత ఒక పొద్దున చేట తీసుకుని, గోడకు ఆనుకుని కిందికి దిగాను. దిగడమే ఒక యుద్ధం. ఎడమ కాలు మడిచాను. కుడి కాలు గడప దాకా రోకలిలా చాపుకునే ఉంది. ఒడి అన్నది లేదు. చేట పెడితే జారిపోయింది, మళ్లీ పెడితే మళ్లీ జారింది, తంబాకంతా నేల పాలైంది. మా ఆయన తలుపు తోసుకుని వచ్చి చూశాడు. చూస్తూ అక్కడే గడప మీద కూలబడ్డాడు.

"నువ్వు గిట్ల కూసొని చేస్తవని నాకు ఎరుక లేదు," అన్నాడు.

"ఇప్పుడు ఎరుకైంది గద. తలుపు బార్ల తెరిసి పెట్టు, ఇగ దాచేదేం లేదు," అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది అని తర్వాత అనిపించింది.

వడ్లాయనను పిలిచి ఎత్తు బల్ల, దానికి తగ్గ పీట చేయించాడు. నిలబడి దగ్గరుండి మరీ వాలు పెట్టించాడు. ఆ బల్ల మీద చేశాను, నెలలు చేశాను. ఒడిలో నేర్చిన చేతులకు బల్ల పట్టుబడలేదు. వదులుగా వచ్చిన బీడీలను కార్ఖానాలో ఏరి పక్కన పడేసేవాళ్లు. పక్కింటి అక్క మొహమాటపడి చెప్పలేకపోతుంటే నేనే మానేశాను.

ఆ తర్వాత బజారు మూల మీద పిండి గిర్నీలో పని దొరికింది. నిలబడి చేసే పని. పొద్దంతా పిండి కొట్టుకుని తెల్లగా, ఊరందరి కళ్ల ముందు. ఎడపల్లి బండ్లు ఆ దారినే పోయేవి, మా వాళ్లు చూసేవాళ్లు. మా ఆయన మధ్యాహ్నం సద్ది తెచ్చి ఇచ్చి, నేను తినేదాకా నా పక్కన తనూ నిలబడేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు.

డాక్టరుకు అబద్ధం చెప్పిన ముచ్చట ఆయన నాతో ఎన్నడూ నోరు విప్పి అనలేదు. ఆయనకు నోరు తక్కువ. నాకు ఎక్కువే గాని, "ఒక్క మాట నిజం చెప్పి ఉంటే" అని నేనూ ఎన్నడూ పూర్తిగా అనలేదు. పెళ్లిళ్లలో అందరూ బంతుల్లో కూర్చుంటే నేను వడ్డించేదాన్ని. ఎంత ఓపిక ఈమెకు అని మెచ్చుకునేవాళ్లు. కాలు చాపి కూర్చుంటే ఎదుటివాళ్ల విస్తరి మీదికి పోతుందని నిలబడేదాన్నని ఎవరికి చెప్పుకోను. ఇంట్లో చిన్నదేదైనా కింద పడితే ఆయనే వంగి తీసిచ్చేవాడు, నేను అడగకముందే.

డెబ్బైల చివర్లో ఆయనకు కడుపులో జబ్బు చేసింది. ఆ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరా రెండు దారులు లేకపోయాయి. ఆఖరి మధ్యాహ్నం మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు. ఆడబిడ్డ, ఇంకా ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చున్నారు. తల దగ్గర నాకు జాగా విడిచిపెట్టారు. అక్కడ కూర్చుంటే నా కాలు ఆయన మొహం మీదుగా పోతుంది. పోతున్న మనిషి వైపు కాలు చాపి ఎట్లా కూర్చునేది? గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన కళ్లు సగం తెరిచాడు. చూపు నా దాకా వచ్చిందో లేదో.

"కూసో," అన్నాడు. కాసేపాగి మళ్లీ, "జర దగ్గర కూసోవే."

కాలు సంగతి మరిచిపోయినట్టున్నాడు. అన్నేళ్లు మరవని మనిషి, అప్పుడు మరిచాడు.

"కూసున్న," అన్నాను, నిలబడే.

ఆయన చెయ్యి చాప మీద మెల్లగా జరిగి నా ఒడి కోసం తడుముకుంది. ఆడబిడ్డ నా మొహంలోకి చూసి, ఆ చెయ్యి అందుకుని తన ఒడిలో పెట్టుకుంది. ఆ ఒడి నాదే అనుకుని పోయాడు.