సాసర్‌లో మంచు

మాంసం కొట్టు గోడ మీద వేలాడుతున్న క్యాలెండర్ చూడగానే నెల్డా మొహం పక్కకి తిప్పేసుకుంది. మార్చి నెల బొమ్మ క్రోస్‌నెస్ట్ కొండ. ఆ కొండ ఆమె వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించేదే. కానీ క్యాలెండర్‌లో దాని మీద మంచు మరుగుదొడ్డి కడిగే మందు నీలంలో ఉంది. శిఖరానికి పెళ్లి కేకు మీద పూసే గులాబి రంగు పులిమారు.

"సాసేజి ఎంత కొట్టమంటావు నెల్డా?" అన్నాడు కొట్టు యజమాని బ్రూనో.

"ముందు ఆ గోడ మీది దాన్ని తిప్పి పెట్టు. దాన్ని చూస్తూ తినేది కొనలేను."

"బాగానే ఉంది కదా. జనం అడిగి మరీ పట్టుకెళ్తున్నారు."

"అడిగి పట్టుకెళ్లడానికేం. నిన్నటి లివరు కూడా నీ దగ్గర అడిగే పట్టుకెళ్తారు."

బ్రూనో నవ్వుకుంటూ క్యాలెండర్ని తిప్పాడు. వెనక టైర్ల కొట్టు ప్రకటన ఉంది. అది చాలా నయమనిపించింది.

రంగుల సంగతి ఆమెకి ఏ బడిలోనూ నేర్పలేదు. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. బొగ్గు గనుల ఊరు కోల్‌మన్‌లో ఆమె తల్లి గని కూలీలకి కూడూ పడకా ఇచ్చే ఇల్లు నడిపేది. పద్నాలుగు మంది మగాళ్లు, పద్నాలుగు పక్కలు, ప్రతి పక్క మీదా మనిషి ఆకారంలో మసి. సోమవారం పొద్దున్నించి బుధవారం దాకా నెల్డా చేతులు సోడా నీళ్లలోనే నానేవి. ఆ మడ్డి వాసన ఇప్పటికీ ఒక్కోసారి గోళ్ల సందుల్లోంచి వస్తున్నట్టే ఉంటుంది. నీలిమందు ఎన్ని చుక్కలు పడితే దుప్పటి తెల్లగా కనిపిస్తుందో, ఎన్ని పడితే శవం పెదాల రంగుకి తిరుగుతుందో ఆ ఇంట్లోనే తెలుసుకుంది. "బల్బు కింద చూడకు. బల్బు కింద అన్నీ అబద్ధాలే. బయట మంచు పక్కన పెట్టి చూడు," అనేది తల్లి. తీగ మీద దుప్పట్లు గడ్డకట్టి తలుపుల్లా ఊగుతుంటే, నెల్డా వాటి కింద నిలబడి ఏ తెలుపు తెలుపో తేల్చేది.

కాజిక్ ఆ పద్నాలుగు మందిలో ఒకడు. గనిలో దీపాల గదిలో పని. ఆదివారం చర్చి అయ్యాక మిగతావాళ్లు బీరుకి పోతే అతను కెమెరా భుజాన వేసుకుని కొండల్లోకి పోయేవాడు. పెళ్లయ్యాక ఇంటి కింద గదిని ఫొటోలు కడిగే చీకటిగది చేసుకున్నారు. బొమ్మ తీయడం అతనిది, అచ్చులో రంగు తేల్చడం ఆమెది. గని మూతపడి, అతను బడి బస్సు నడిపిన రోజుల్లోనూ అలాగే సాగింది. ఊళ్లో ఏ మోటల్‌కి వెళ్లినా, పళ్ల డాక్టరు గదిలో కూర్చున్నా, వాళ్లిద్దరి కొండే గోడ మీద కనిపించేది.

కొండల బొమ్మలు తీసేవాళ్లందరికీ మంచుతోనే గొడవ. కెమెరాని దాని మానాన వదిలేస్తే మంచుని బూడిద రంగు చేస్తుంది. తెల్లగా లాగితే ఉప్పు గుమ్మరించినట్టు చచ్చిపోతుంది. ఎండ పడిన మంచుకి మీగడ ఛాయ ఉంటుంది. నీడలో ఉన్న మంచులోకి ఆకాశం దిగుతుంది. రెండూ ఒకే కాగితం మీద నిలవాలి. అందుకని నెల్డా ముందు చిన్న ముక్క మీద అచ్చు తీసేది. తడిగా ఉన్నప్పుడు ఏ ముక్కయినా నీలంగా కనిపించి మోసం చేస్తుంది కనక, దాన్ని జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టి, పొద్దున పది గంటలకి వంటింటి ఉత్తరం కిటికీ దగ్గరికి తెచ్చేది. పక్కన సొట్టలు పడిన తెల్ల సాసర్‌లో పెరటి మంచు. ఆ మంచు కరిగేలోపు రంగు తేల్చుకోవాలి. "కరిగింది," అని కాజిక్ అంటే ఆ ముక్క పని అయిపోయినట్టే. ఇంకో ముక్క, ఇంకో సాసర్.

నలభై ఏళ్లు అలా గడిచాయి. కిందటి మార్చిలో ఒక పొద్దున కొండ బొమ్మ తీసి వచ్చి, ఫిల్ము కడిగి సొరుగులో పెట్టి, మర్నాడు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు కాజిక్. ఆ రోజునించి నెల్డా కింద గది మెట్లు దిగలేదు.

సాసేజి పొట్లంతో ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఆడబిడ్డ లుద్కా కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తలుపు తట్టే అలవాటు లేదు. బల్ల మీద పెద్ద చట్రం ఆనించి ఉంది.

"చూడు," అంది లుద్కా. "మా తమ్ముడి ఆఖరి బొమ్మ. స్వర్గంలా లేదూ?"

నెల్డా చూసింది. అదే నీలం. అదే గులాబి. క్యాలెండర్లు వేసే డెస్మండ్ చేతి పనని చట్రం కట్టిన తీరులోనే తెలుస్తోంది.

"స్వర్గాన్ని ఎవరో టూత్‌పేస్టుతో తోమినట్టుంది. నెగెటివ్ నీకెక్కడిది?"

"నీ సొరుగులోదే. నువ్వు స్నానం చేస్తుండగా తీశాను. అడిగితే ఇచ్చేదానివా?"

"నీకు సిగ్గు లేదు."

"నీకు కాళ్లు లేవు. ఏడాదైంది, ఆ మెట్లు దిగావా? ఆదివారం వాడి ఏడాది ప్రార్థన. అయ్యాక మన పోలండు వాళ్ల హాల్లో పియానో పైన వాడి బొమ్మ పెడతారు. మేకు కొట్టేశారు. వాడి పేరుతో ఇత్తడి పలక కూడా వచ్చేసింది. మేకుకి ఏదో ఒకటి తగిలించాలి కదా."

నెల్డా సాసేజి పొట్లం బల్ల మీద పెట్టింది. ఆ హాల్లో గోడకి ఎక్కింది ఇక దిగదు. ముప్పై ఏళ్ల కిందట వంకరగా తగిలించిన బిషప్పు ఇంకా వంకరగానే ఉన్నాడు. ఇది ఎక్కితే, తను పోయాక కూడా, కాజిక్ అంటే ఈ మరుగుదొడ్డి నీలమే అనుకుంటారు వచ్చేపోయేవాళ్లు.

"ఆదివారంలోపు నేను వేస్తాను," అంది.

"వేస్తే అదే పెడదాం. వేయకపోతే ఇదే ఎక్కుతుంది. మళ్లీ నా మీద పడి ఏడవకు."

లుద్కా వెళ్లాక చట్రం వెనక అంటించిన కవర్లోంచి నెగెటివ్ తీసుకుని, నెల్డా డెస్మండ్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, మీకు నచ్చిందా?" అన్నాడతను హుషారుగా. "నెగెటివ్‌లో మంచు ఎంత మురికిగా ఉందో తెలుసా? మూడు గంటలు కూర్చుని కడిగాను."

"కొండని కడిగావా నువ్వు?"

"జనానికి మంచు అంటే నీలమే కదా మేడమ్."

ఫోన్ పెట్టేసి ఆమె చేతులు కడుక్కుంది.

మంగళవారం కింద గదిలోకి దిగింది. మెట్ల మీదే వాసన ముక్కుకి కొట్టింది. పులిసిన మందు, ఎలుక ఉచ్చ, చెమ్మ పట్టిన అట్టపెట్టెలు. సీసాలో మందు తారులా నల్లబడి, మూత తీయగానే కుళ్లిన గుడ్డు కంపు వదిలింది. తొట్టి అడుగున జిగురు. మేకుకి వేలాడుతున్న కాజిక్ ఏప్రన్ బిర్రబిగుసుకుపోయింది. దాని జేబులో చెయ్యి పెడితే మెత్తగా, జిడ్డుగా ఏదో తగిలింది. సగం చప్పరించి రుమాల్లో చుట్టి పెట్టిన దగ్గు బిళ్ల. దానికి నూగూ పొగాకూ అంటుకుని ఉన్నాయి. ఆమె దాన్ని వేళ్ల కొసలతో దూరంగా పట్టుకుంది. పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మళ్లీ జేబులోనే పెట్టి, ఆ సాయంత్రం దాకా తొట్టెలు తోమింది.

బుధవారం కొత్త మందు కలిపి మొదటి ముక్క తీసింది. కిటికీ దగ్గర సాసర్ పక్కన పెట్టి చూస్తే, కొండ కింది సగంలో మంచు టీ ఒలికిన బల్లగుడ్డలా ఉంది. అచ్చు తీసే యంత్రం మీది పసుపు మీట కొంచెం పైకి తిప్పింది. ఆ మీట పెంచితే కాగితం మీద పసుపు తగ్గుతుంది. రెండో ముక్క కూడా మట్టిగానే వచ్చింది. ఇంకొంచెం తిప్పింది. మూడు, నాలుగు, ఏడు. గురువారం పొద్దున పదకొండో ముక్క తెచ్చి సాసర్ పక్కన పెట్టింది. మట్టి పోయింది. కింది సగం మంచు తెల్లబడింది. పైన నీడలన్నీ నీలిమందులో ముంచినట్టయ్యాయి. లుద్కా వదిలి వెళ్లిన చట్రం అక్కడే గోడకి ఆనుకుని ఉంది. నెల్డా ఒకసారి దాన్నీ, ఒకసారి చేతిలో ముక్కనీ చూసింది. రెండూ ఒకటే.

"థూ," అంది పైకే. ఫిల్ము పాతదై ఉంటుందనుకుంది. ఏడాదిగా సొరుగులో పడి పాడైందనుకుంది. సాసర్లో మంచు కరిగి నీళ్లయింది, అందులో ఒక్క నలక లేదు.

ఆ మధ్యాహ్నం చినూక్ గాలి మొదలైంది. పడమటి నించి వెచ్చగా, ఒళ్లు చీదరగా విసిరే గాలి. చూరు నించి మంచు కడ్డీలు విరిగిపడ్డాయి. పక్కింటి చెత్త డబ్బా వీధి పొడుగునా దొర్లింది. శుక్రవారం పొద్దునకి తెరిపి ఇచ్చింది. పది కాగానే నెల్డా సాసరూ చెంచా పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. మంచు మీద గోధుమరంగు పొర పరుచుకుని ఉంది. ఊరి వెనక గుట్టలుగా పోసి ఉన్న పాత గని బొగ్గుపొడి, రోడ్ల మీద చల్లిన ఇసక, అంతా గాలికి లేచి వచ్చి పడింది. నోట్లో కూడా కరకరలాడుతోంది.

ఆమె వంగి, ఎప్పటిలాగే చెంచాతో పై పొరని పక్కకి నెట్టి, కింద తెల్లటి మంచులో చెంచా దించింది. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

నలభై ఏళ్లుగా సాసర్‌లోకి మంచు తీసేముందు ఆమె పై పొర నెట్టేస్తోంది. పాలమీద ఈగని తీసేసినంత మామూలుగా. ఆ కడిగిన మంచు పక్కన పెట్టే కాజిక్ కొండలన్నిటికీ రంగు తేల్చింది. "నెల్డా, కొండని కూడా ఉతికేస్తావా?" అని నవ్వేవాడు కాజిక్. సరసమాడుతున్నాడనుకునేది. "మురికి మంచుని ఎవరు గోడకి పెట్టుకుంటారు?" అని మీట ఇంకొంచెం తిప్పేది. అతను మళ్లీ అనేవాడు కాదు. రంగు ఆమెదన్నాడు కనక మాటకి కట్టుబడ్డాడు.

కిందటి మార్చిలో ఆ పొద్దునకి ముందురోజు కూడా చినూక్ వీచింది. "ఈ కంపు మంచుని ఏం తీస్తావు, కొత్తది పడేదాకా ఆగు," అంది తను. "కొత్తది అందరూ తీస్తారు," అని అతను బూట్లు తొడుక్కున్నాడు.

డెస్మండ్ మూడు గంటలు కడిగాడు. తను నలభై ఏళ్లు కడిగింది. నెల్డాకి తన చేతుల మీద తనకే రోత పుట్టింది. ఊళ్లో మోటళ్ల గోడల మీద, పళ్ల డాక్టరు గదిలో, తన ముందుగదిలో, ఎక్కడ చూసినా పద్నాలుగు పక్కల మీంచి తీసి ఉతికిన దుప్పట్లే వేలాడుతున్నాయి. ఒక్కటీ కొండ కాదు.

చెంచాలోది పారబోసి, కదపని చోట పై పొరతో సహా మంచుని సాసర్‌లోకి ఎత్తింది. లోపలికొచ్చి మొదటి ముక్కని, టీ ఒలికినట్టుందని పక్కన పారేసినదాన్ని, వెతికి సాసర్ పక్కన పెట్టింది. రెండిటికీ వెంట్రుకవాసి తేడా లేదు. నీడలో ఆకాశం ఉంది, ఎండలో మీగడ ఉంది, వాటి మీదుగా బొగ్గు ఉంది. "కరిగింది," అంది తనే, మంచు నీళ్లయ్యాక. సాసర్ అడుగున నల్లటి మడ్డి మిగిలింది.

శనివారం పెద్ద అచ్చు తీసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, హాల్లో పిరోగీ కుడుముల పళ్లేలు సర్దుతున్న లుద్కా వచ్చి గోడ వైపు చూసి మొహం మాడ్చుకుంది. అప్పటికే నెల్డా కుర్చీ ఎక్కి తన బొమ్మ తగిలించేసింది.

"ఇదేంటి? ప్రార్థనకొచ్చినవాళ్ల ముందు మా తమ్ముడి పేరు మీద ఈ మురికా?"

"కొండ అలాగే ఉంది ఆ రోజు."

"అలాగే ఉంటే మాత్రం? మనిషిని శవపెట్టెలో పెట్టేముందు మొహం తుడవమా?"

నెల్డా కుర్చీని గోడ పక్కకి జరిపింది. ఈలోగా ముసలి జిగ్మంట్ చేతికర్ర పొడుచుకుంటూ పియానో దగ్గరికి వచ్చాడు. ఎనభై ఎనిమిదేళ్లు. కాజిక్‌తో ఒకే ఇంట్లో, ఒకే వరస పక్కల్లో పడుకున్నవాడు. కళ్లజోడు సరిచేసుకుని బొమ్మని చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, దాని మీద ఉమ్మి, అద్దాన్ని రుద్దడం మొదలుపెట్టాడు.

"ఛీ, ఉమ్మేంటి," అంది లుద్కా.

"దుమ్ము పట్టింది. కొత్త బొమ్మకి కూడా తుడవలేరా మీరు?" మళ్లీ రుద్దాడు. పోలేదు. రుమాలు చూసుకున్నాడు, శుభ్రంగానే ఉంది. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు.

"ఇది లోపలుంది," అన్నాడు చివరికి. "ఇది మన బొగ్గు."

లుద్కా చేతిలో పళ్లెం పియానో మీద పెట్టింది.

"ఆ రోజు తమ్ముడు కొండ దగ్గరించి నేరుగా మా ఇంటికొచ్చాడు," అంది, ఎవరితోనూ కాకుండా. "బూట్ల నిండా ఇదే. అప్పుడే నేల తుడిచాను. గుమ్మంలోనే నిలబెట్టి తిట్టాను. కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు."

ఆమె ఇక బొమ్మని దించమనలేదు. జిగ్మంట్ ఉమ్మి మరకని తన ఏప్రన్ అంచుతో తుడిచి, పిరోగీల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నెల్డా వంటింట్లోంచి నీలం బొమ్మని మెట్ల కిందికి మోసుకెళ్లింది. కింద గదిలో మందు సీసా ఒకటి అడుగున కారుతోంది. చట్రాన్ని బొమ్మ పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టి, సీసాని దాని మీద పెట్టింది.