ఎస్తేరుకు అందని పిలుపు

ఒక ఇంటికి చేర్చమని నాకు అప్పగించిన పిలుపును నేను దారిలోనే మింగేశాను. ఏళ్లు గడిచాయి. అది ఇప్పటికీ అరగలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేసి హాయిగా నిద్రపోయేదాన్ని.

మాది గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లు. మగవాళ్లు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటారు. అప్పుడు ఇంట్లో టీవీ పెట్టకూడదు, మిక్సీ తిప్పకూడదు, చేతిలోంచి గిన్నె జారితే లోపలి నుంచి ఒక కేక. అందుకని మధ్యాహ్నాలు ఆడవాళ్లం కాలనీ హాల్లో చేరేవాళ్లం. ఒకరు బియ్యం ఏరుకుంటూ, ఒకరు జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ. అదే మెల్లగా క్లబ్బయింది. పాత గనులు మూతపడిన ఊళ్ల నుంచి బదిలీల మీద కొత్త కుటుంబాలు వస్తుండేవి. ఆ ఇల్లాళ్లకు ఇక్కడ పలకరించే దిక్కుండేది కాదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్తగా వచ్చినామెకు పాతవాళ్లలో ఒకరు తోడు. కూరగాయలు ఎక్కడ బాగుంటాయో, దవాఖానలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో చూపించి, పదిమందితో కలిపేదాకా బాధ్యత ఆ తోడుదే. ఎక్కువసార్లు ఆ పని నాకే వచ్చేది. నా అంత కలుపుగోలు మనిషి లేదని అందరూ అనేవాళ్లు. నేనూ నమ్మాను.

స్వరూపది మా పక్క క్వార్టరే. ఇద్దరిదీ ఒకే ఈడు. ఆమె చీర నేను ఎంచాలి, నా కూరలో ఉప్పు ఆమె చూడాలి. కోపమొచ్చినా నవ్వొచ్చినా ముందు నా గుమ్మంలోకే వచ్చేది. నాకు అక్కచెల్లెళ్లు లేరు. లేరని బాధపడిన గుర్తు కూడా లేదు, స్వరూప ఉంది కాబట్టి.

ఎస్తేరు బెల్లంపల్లి నుంచి వచ్చింది. మా అందరికంటే చిన్నది. భర్తకు ఇక్కడి గనికి బదిలీ అయింది. చంకలో కూతురు. ఆమెకు తోడు నేనే. నేనే చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి స్వరూప పక్కన కూర్చోబెట్టాను. ఎవరూ చెప్పలేదు. నా చేత్తో నేనే చేశాను.

ఎస్తేరుది చర్చిలో పాడే గొంతు. అంతకంటే నవ్వించే గుణం. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మొగుళ్లు ఒక్కొక్కరు ఎలా గురకపెడతారో చేసి చూపిస్తే హాలు హాలంతా పొట్టలు పట్టుకునేది. స్వరూప అయితే కళ్ల నీళ్లు తుడుచుకుంటూ ఆమె భుజం మీద వాలిపోయేది. నా మాటలకు స్వరూప ఎన్నడైనా అలా నవ్విందా? ఆ ప్రశ్న అప్పుడే మొదలైంది.

తర్వాత అన్నీ లెక్కకొచ్చాయి. స్వరూప ఎస్తేరు కోసం చాప మీద చోటు ఆపడం. సర్వపిండి చేసి ముందు ఆమెకు పెట్టడం. ఒకరోజు నన్ను పిలవకుండా ఇద్దరూ మార్కెట్‌కు పోయొచ్చారు. అడిగితే, మోకాళ్లు నొస్తున్నాయంటివి కదా అంది స్వరూప. అన్నాను, నిజమే. కానీ మోకాళ్ల నొప్పులున్నప్పుడు నాతో పాటు మెల్లగా నడిచిన మనిషి కాదూ ఆమె? నేను కుళ్లుకున్నాను. ఇంతకంటే మర్యాదైన మాట వెతకను. కొత్తవాళ్లకు స్నేహితుల్ని కూర్చిపెట్టడమే నా పని, ఆ పని అంత బాగా కుదిరినందుకే నా కడుపు మండింది. ఆమెకు ఎవరూ దొరక్కపోయుంటే నేను ఆమెను ఎంత ప్రేమగా చూసుకునేదాన్నో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బతుకమ్మ పండుగ వచ్చింది. మా దగ్గర చివరి రోజు సద్దుల బతుకమ్మకు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తారు. ఎస్తేరు వాళ్లు క్రైస్తవులు. బొట్టు పెడితే ఆమె నొచ్చుకుంటుందేమో, పెట్టకుండా పిలిస్తే తనను వేరుగా చూశారని అనుకుంటుందేమో. క్లబ్బులో అందరికీ ఇదే తర్జనభర్జన. చివరికి స్వరూపే అంది, తోడు నువ్వే కదా, ఎట్ల పిలిస్తే ఆమెకు మంచిగుంటదో అడిగి రా అని.

వెళ్లాను. ఎస్తేరు వరండాలో బేసిన్లు పరుచుకుని ఉంది. గనుల మట్టిదిబ్బల అవతలి చెలకల్లోంచి బతుకమ్మ పేర్చడానికి గునుగుపూలు కోసుకొచ్చింది. కొసలు రంగుల్లో ముంచి ఆరబెడుతోంది. నన్ను చూసి రంగు చేతులతోనే లేచింది.

"మంచిగొచ్చినవక్కా. రేపు ఎన్నింటికి పోదాం? నేను బొట్టయితే పెట్టుకోను గని ఆడుత. బెల్లంపల్లిల చిన్నప్పటిసంది ఆడినదాన్నే."

నేను అడగాల్సిన దానికి జవాబు అదే. అడగకుండానే ఇచ్చేసింది. నేను వెనక్కి తిరిగి వచ్చి చెబితే సరిపోయేది.

"నీ మంచికే చెప్తున్న ఎస్తేరు. ఈసారి రాకు."

"ఎందుకక్కా?"

"స్వరూపకు ఇష్టం లేదు. మన పండుగల వేరేటోళ్లు ఎందుకన్నది. పదిమందిల నీ మొకం మీద అంటె నీకే బాధైతది."

"స్వరూపక్క అన్నదా?"

"నేనెందుకు అబద్ధం చెప్త?"

ఆమె వంగి పూల బేసిన్లను గోడవారకు జరిపింది. తర్వాత, "నువ్వన్న చెప్పినవక్కా. లేకుంటె తెల్వక వచ్చేదాన్ని," అంది. నాకు చాయ్ పెట్టింది. తాగాను.

హాలుకు తిరిగొచ్చి ఇంకో అబద్ధం చెప్పాను. వాళ్ల ఇంట్లో ఒప్పుకోరట, మనం పిలిస్తే కాదనలేక ఇబ్బంది పడుతుంది, వదిలేద్దాం అని. ఎంత అర్థం చేసుకునే మనిషివే అన్నారు. స్వరూప మాత్రం, ఆ మాట నాతోని చెప్పొచ్చు కదా అని చిన్నబుచ్చుకుంది.

సద్దుల రోజు మైదానంలో స్వరూప పక్కన నేనే ఉన్నాను. నేను బాధపడుతూ ఆడానని చెబితే మీరు నమ్ముతారు, నాకూ బాగుంటుంది. కానీ అది నిజం కాదు. నేను సంతోషంగా ఉన్నాను. అందరికంటే గట్టిగా పాడాను.

ఆ తర్వాత ఎస్తేరు హాలుకు రావడం మానేసింది. స్వరూపను చూస్తే తల దించుకుని వెళ్లిపోయేది. దాన్ని స్వరూప పొగరనుకుంది. కొన్నాళ్లపాటు ఎస్తేరు వేళ్లకు ఆ గునుగు రంగు అలాగే ఉంది. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుంటే కనిపించేది. మరి నా స్వరూప నాకు తిరిగొచ్చిందా? వచ్చింది. కానీ అంత నవ్వు మళ్లీ నవ్వలేదు. కొన్నాళ్లకు ఎస్తేరు భర్త మళ్లీ బదిలీ చేయించుకున్నాడు. వాళ్లు నస్పూర్ వెళ్లిపోయారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ప్రతి క్రిస్మస్‌కూ ఎస్తేరు నాకు డబ్బా నిండా గులాబీ పువ్వుల పిండివంట చేసి పంపుతుంది. గోదావరిఖనిలో తనకు నిజం చెప్పిన మనిషి నేనొక్కదాన్నేనట. వాటిని ఇంట్లో అందరూ తింటారు. నాకు స్వీటు పడదని చెబుతాను.

పోయిన వారం ఫోన్ చేసింది. చంకలో ఉన్న ఆ పిల్ల పెద్దదై, పెళ్లయి, మా కాలనీకే వస్తోంది. అల్లుడికి ఇక్కడే ఉద్యోగం.

"అక్కా, నా బిడ్డకు నువ్వే తోడుండాలె. నువ్వున్నవంటె నాకు ఫికర్ లేదు," అంది.

సరే అన్నాను. ఇంకేమనగలను?

స్వరూపకు చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. ఎస్తేరు బిడ్డనా అని లేచి నిలబడింది. తల్లి మనసులో ఏముండెనో బిడ్డనన్న అడుగుత అంది. ఎన్నాళ్లుగానో చూడని వెలుగు ఆమె ముఖంలో. అడుగుతుంది. ఆ పిల్ల వాళ్లమ్మను అడుగుతుంది. నేను రెండిళ్లలో విడివిడిగా దాచిన రెండు అబద్ధాలు ఒక గుమ్మంలో ఎదురుపడతాయి. దానికి భయపడాలి నేను. భయం ఉంది కూడా. కానీ మీ దగ్గర దాచడం దేనికి? ఆ వెలుగు చూడగానే నాలో ముందు లేచింది భయం కాదు. పాత మంటే. చంకలో ఉన్నప్పుడు తప్ప మళ్లీ చూడని ఆ పిల్ల మీద.

ఈ వయసులో, ఇంత చేశాక కూడా. నన్ను క్షమించమని ఎవరినడగను? అడిగే అర్హత ఉందో లేదో తేల్చుకోవడం కూడా నా వల్ల కావడం లేదు. వాళ్లిద్దరికీ నేనే ముందు చెబుతానో, బయటపడేదాకా నోరు మూసుకునే ఉంటానో తెలియదు. ఒక్కటే తెలుసు. ఎస్తేరు వస్తానంది. వద్దన్నది స్వరూప కాదు, నేను. ఈ మాట ఇన్నేళ్లలో మొదటిసారి నా లోపలి నుంచి బయటికొచ్చింది.