సున్నా వచ్చిన ఫిల్మ్‌ను పారేయని మా రజిత

నిన్న పొద్దున రజిత తమ్ముడు శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"అక్కా... మా అక్క లేదక్కా."

"ఏడికి పోయిందిరా?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. కాలేజీకి ముందే వెళ్లిపోయిందేమో అనుకున్నాను. వాడు ఏడ్చేదాకా నాకు తట్టలేదు.

ఇప్పటికైనా అర్థమైందా అంటే, లేదు. జగిత్యాలలో తన రూమ్‌లో టీ పెట్టుకుంటూ పడిపోయిందట. గుండె అంటున్నారు.

ముప్పై ఏడేళ్ల మనిషికా?

మొన్న ఆదివారం కోరుట్లలో మా ఇంటికొచ్చి, పచ్చిపులుసు మళ్లీ మళ్లీ పోయించుకుని తిన్న మనిషికా?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రజిత సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్ల. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు నా బెంచ్‌మేట్. హైదరాబాద్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసి, మళ్లీ జగిత్యాలకే లెక్చరర్‌గా వచ్చింది.

తన రిసెర్చ్ ఏంటని నిన్న అందరూ నన్నే అడిగారు. నాకు తెలిసింది ఇంతే. గడోలినియం అనే అరుదైన లోహాన్ని కోబాల్ట్‌తో కలిపి, గాజుముక్క మీద చాలా పల్చటి పొర వేసేది. దాన్నే ఫిల్మ్ అంటారు. అందులో పరమాణువులు వరుసగా ఉండవట, చిందరవందరగా ఉంటాయట. ఆ పొరకు అయస్కాంత గుణం ఎంతుందో కొలిచేది.

ఒక ఫిల్మ్‌కు రీడింగ్ సున్నా వచ్చింది.

పాడైంది, పారేసి టాపిక్ మార్చుకో అన్నారు గైడ్. ఫెలోషిప్ అయిపోవస్తోంది. ఆ రోజు ఫోన్‌లో ఒకటే ఏడుపు.

కానీ పారేయలేదు. మెషిన్ టైమ్ కోసం బతిమాలుకుని, దాన్నే చల్లబరిచి కొలిచింది. వేడిచేసి కొలిచింది. రెండుసార్లూ అయస్కాంతమే!

"అది పాడుకాలేదే! గడోలినియం ఒక దిక్కు గుంజుతది, కోబాల్ట్ ఎదురు దిక్కు గుంజుతది. రూమ్ వేడికి రెండూ సమానమైనయ్. గందుకే సున్నా!" అని ఫోన్‌లో అరిచింది.

నాకు సగమే అర్థమైంది. అయినా నేనూ అరిచాను.

వైవా రోజు వాళ్ల నాన్న సాంచాలు బంద్ పెట్టి వచ్చారు. ఆ ఇంగ్లిషంతా వెనక కుర్చీలో కదలకుండా విన్నారు. బయటికొచ్చాక మెల్లగా అడిగారు.

"ఆఖరుకు గా సారు ఏందో అడిగిండు. ఏం చెప్పినవ్ బిడ్డా?"

"నాకు తెల్వది సార్ అన్న నాయినా."

"తెల్వదంటె గూడ పాస్ చేస్తరా?"

రజిత నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడిపోయింది.

నిన్న సిరిసిల్లలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏమైంది బిడ్డా? నాకేం సమజైతలేదు. నువ్వన్న చెప్పు."



అంతా అయిపోయాక, కోరుట్ల బస్సులో కూర్చుని రజిత నంబర్ నొక్కాను. ఏదైనా అర్థం కాకపోతే ఇన్నేళ్లూ తననే అడిగాను. వేలు తనంతట తానే అక్కడికి వెళ్లింది.

రింగ్ అయింది. శ్రీకాంత్ ఎత్తాడు.

చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

పోయిరావే రజితా.
ఎక్కడున్నా నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.