మామ సాలెపురుగు నాగా చేసిన రోజు

దయ్యాలు, శకునాలు నా దగ్గర చెల్లవు. పిల్లి ఎదురొచ్చినా స్కూటీ ఆపని మనిషిని. ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్తాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

గోదావరిఖనిలో మాది పాత అద్దె ఇల్లు. మా మామ ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో, భూమి లోపల పనిచేసి రిటైరయ్యారు. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన మంచం. సరిగ్గా ఆ మంచం పైన, గోడమూలలో ఒక సాలెపురుగు గూడు కట్టింది.

నాకు బూజంటే ఒళ్లు మంట. ఈ ఊరి దుమ్ముకు రోజుకు రెండుసార్లు ఊడ్చినా అరికాళ్లు నల్లగానే ఉంటాయి. దానికి తోడు ఇదొకటా అని బూజుకర్ర తీశాను. మామ అడ్డం పడ్డారు.

"దాని జోలికి పోకు బిడ్డా. డ్యూటీ మీదున్నది."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. రోజూ పొద్దున్నే అద్దాలు పెట్టుకుని మూలకు చూసి, "మస్టర్ పడ్డది" అనేవారు. బాయిలో హాజరు వేయడాన్ని మస్టర్ అంటారు.

ఒప్పుకోవాలి, చూడగా చూడగా నాకూ దాని మీద గౌరవం పెరిగింది. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీ అద్దాలు గడగడలాడేవి. గూడు ఊగేది కానీ తెగేది కాదు. దుమ్ము పట్టి నల్లబడిన పోగుల్ని అదే తినేసి, తెల్లారేసరికి కొత్తవి అల్లేది. టేపు లేదు, లెవెల్ లేదు, ఒక్క పోగూ వంకర పోదు. సెలవు రోజు చాయ్ గ్లాసు పట్టుకుని నేనూ చూస్తూ నిలబడేదాన్ని. మూడు నెలల్లో ఒక్క నాగా లేదు. నాగా అంటే డ్యూటీ ఎగ్గొట్టడం.

ఒక ఆదివారం పొద్దున మామ మస్టర్ వేయకుండానే బజారుకు వెళ్లారు. పండగ లేదు, చుట్టాలొచ్చేది లేదు. దాని మీద నాకు కోపమూ లేదు. అయినా బూజుకర్ర తీసి గూడంతా ఒక్క దెబ్బకు లాగేశాను. కింద పడ్డ పురుగును చెప్పుతో తొక్కి, ఊడ్చి పారేశాను. తర్వాత చేతులు కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది.

మామ వచ్చి మూలకు చూశారు. మొహం మారిపోయింది.

"ఇయ్యాల నాగా జేసిందా?"

"ఎటో పోయినట్టుంది మామా," అన్నాను వంటింట్లోంచి.

ఆయన బూజుకర్ర తిరగేసి, మంచం పైన స్లాబును తట్టి చూశారు. బాయిలో పైకప్పును ఇలాగే తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో చెప్పేవారట. ఆయన చెవి ఎప్పుడూ తప్పలేదని తోటివాళ్లు అనగా నేనే విన్నాను.

"గట్టిగనే పలుకుతున్నది," అన్నారు. అయినా మంచం కోడు పట్టుకున్నారు. "కప్పు కూలే ముందు బాయిల ఎలుకలు ఉరుకుతయి. ఉరికినయంటే ఎందుకని అడగకపోతుంటిమి. ఎనుకనే ఉరుకుడు. పట్టు బిడ్డా, బయటేద్దాం."

నిజం నోటిదాకా వచ్చింది. కానీ సిగ్గేసింది. మంచం రెండో కొస పట్టుకుని వసారాలోకి మోశాను.

అన్నం తిన్నాక మామ అక్కడే నడుం వాల్చారు. ఆ రోజు బ్లాస్టింగ్ కూడా జరగలేదు. రెండున్నరకు ముందు గదిలో ఢామ్మని చప్పుడు. వెళ్లి చూస్తే, ఆయన తల పెట్టుకునే చోట గంపంత స్లాబు పెచ్చు పడి ఉంది. కింద గచ్చు పగిలింది.

ఇంటి ఓనరు పంపిన మేస్త్రీ లోపల చువ్వలు తుప్పు పట్టాయన్నాడు. పెచ్చు ఎందుకు పడిందో అర్థమైంది. మిగతాదే అర్థం కాలేదు.

ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ మామ చెప్తారు. "నా చెవి దగా జేసింది గని అది జెయ్యలే. అది పోయింది, దానెనుక నేను లేసిన. గంతే." అందరూ సాలెపురుగును తెగ మెచ్చుకుంటారు. నేను చాయ్ అందిస్తూ తలూపుతాను.

అది ఎటూ పోలేదు. నా చెప్పు కింద చచ్చింది. నేను చంపకపోయి ఉంటే ఆ మధ్యాహ్నం మామ అక్కడే పడుకునేవారు.

ఆయనకు నిజం చెప్పేయాలని ఇప్పటికీ ఉంది. చెబితే ముందు ఒకటే అడుగుతారు, "ఎందుకు చంపినవ్ బిడ్డా?" అని. ఆ పొద్దున బూజుకర్ర ఎందుకు తీశానో నాకే తెలీదు.